కాంట

ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమెలు తీస్తా నేను.
పదేండ్ల సంది కాంటలు చూస్తున్న.
బస్తా నలభై కిలోలుంటె
తరుగు కింద కిలో పోతది,
తాలు పేరు మీద ఇంకో కిలో.
రైతు మొఖం ఎంత కిందికి దిగితె
ముల్లు అంత పైకి లేస్తది.

వేరే తీరు కాంట కూడ ఉంటదని
కాజీపేటల చూసిన.
మా తమ్ముడు మొగిలి చెడ్డి మీద ఎక్కిండు.
యాభై ఏడు.
ఎదుటోడు ఎక్కిండు.
యాభై ఏడు.
తరుగు లేదు, తాలు లేదు.
నాకు ముందు నవ్వచ్చింది, ఎనక ఏడుపచ్చింది,
దునియాల ఒక్క జాగనన్న
బరువు చూసి కొట్లాట పెడతరా అని.

మూడేండ్లు వానికి ఎదురు లేకుండె.
కప్పులు పెట్ట జాగలేక
ఒకదాంట్ల అమ్మ ఉప్పు పోసుకున్నది.
అప్పుడు మొదలైంది అడ్తి దుకాణాల కాడ:
"నీ అంతోణ్ణి కొడితె ఏమున్నదిరా,
పెద్దోణ్ణి కొట్టు, సూస్తం."
హమాలీలకు బస్తా మీద రూపాయి పెంచని సేటు
పదివేలు పందెం కాసిండు.

ఆరోగ్యం సార్ వద్దన్నడు.
ఆయన రిటైరైన గార్డు.
"ఇంజన్ను బట్టే డబ్బాలు కట్టాలె బిడ్డా."
మొగిలి ఇనలే.

గోదావరిఖని నుంచి పోశం వచ్చిండు,
బాయిల బొగ్గు తీసే మనిషి.
ఎనభై ఒకటి.
నా లెక్కల రెండు బస్తాలు, పైన రెండు దోసిళ్లు.
మావోడు ఒకటిన్నర కూడ నిండడు.

మొదటి రౌండు దొరకలే. ఈలలే ఈలలు.
రెండో రౌండుల ఒక్కటే తాకింది, పక్కబొక్కల మీద.
లారీ మీంచి బస్తా జారిపడ్డ చప్పుడు.
ఆ చప్పుడు నాకు ఎరుకే.
మూడో రౌండుల
పోశం చేతులు లేస్తున్నయి గని దెబ్బ దిగుతలేదు.
పొయ్యి మీది గిన్నెను కొంగుతోని పట్టినట్టు
పట్టిపట్టి ముట్టుకుంటున్నడు మావోణ్ణి.
సేటుకు తెల్వలే. జనానికి తెల్వలే.
నాకు తెలిసింది.
మొగిలికి తెలిసింది.

సమానం అన్నరు.
భుజాల మీద ఎత్తుకొని బజారంత తిప్పిండ్రు.

రాత్రి కప్పుల ఉప్పు తీసి, మూటగట్టి కాపుతుంటె
గోడ దిక్కు తిరిగి అన్నడు:
"పెద్దోని ముందల నిలబడుడు అల్కగున్నదక్కా.
ఓడితె, పాపం వాడు పెద్దోడు గదా అంటరు.
గెలిస్తె దేవుడంటరు.
సాకు జేబుల పెట్టుకొనే పోయిన నేను.
నా అంతోని ముందల సాకుండది.
వాని చెయ్యి నా చెయ్యంతే.
ఓడితె నేనే ఓడినట్టు."

నాకు ఒప్పబుద్ధి కాలే.
నువ్వు ఏరుకుంటవు తమ్మీ, అందామనుకున్న,
మా దిక్కు రోజూ ఎనభై ఒకటోడే వస్తడు,
వాడు మూడో రౌండుల చెయ్యి ఆపడు.
అనలే.
కండ్లు తుడుసుకుందామంటె మిర్చి చేతులు.

మల్ల నెల హన్మకొండ స్టేడియంల
పరకాల పిలగాడు ఫయాజ్.
యాభై ఏడు.
పోశం ముందల వణకని మొగిలి
గ్లౌజులు కట్టించుకుంట వణుకుతున్నడు.
పోశమే వచ్చి నా పక్కన కూసున్నడు,
సర్వపిండి ముక్క విరిచి ఇచ్చిండు.
అడిగిన: "అన్నా, ఆనాడు చెయ్యి ఎందుకు ఆపినవు?"
"నేనెక్కడ ఆపిన చెల్లే,
డబుల్ డ్యూటీ చేసి వచ్చిన. భుజం పట్టేసింది."

నిజమే చెప్పిండో, నా తమ్మునికి
తరుగు తీయకుండ కాపాడిండో.
దాన్ని జోకే కాంట నేనింక చూడలే.

కింద గంట కొట్టిండ్రు.
ఇద్దరు యాభై ఏడులు
నడిమిట్లకు నడిసిండ్రు.